కాఫీకి వేసినట్టే మనసుకీ మార్కులు

నా ఉద్యోగం కాఫీ తాగి ఉమ్మేయడం. ఈ మాటంటే అమ్మకి ఒళ్ళు మంట. "ఎవలైనా అడిగితే ఉమ్మడమని సెప్తావేటే, నవ్విపోతారు" అంటుంది. ఏం చెయ్యను, నిజం అదే. అరకులో ఒక కాఫీ ల్యాబులో రుచి చూసే పని నాది. చుట్టుపక్కల కొండ ఊళ్ళ రైతుల గింజలు చిన్న చిన్న సంచుల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని వేయించి, పొడి చేసి, గిన్నెల్లో వేసి, మీద వేడినీళ్ళు పోస్తాం. కాసేపాగి, పైన కట్టిన తెట్టును చెంచాతో పక్కకి నెట్టి వాసన చూస్తాం. తర్వాత చెంచాడు కాఫీ పెద్ద చప్పుడుతో జుర్రుకుని, నోరంతా తిప్పి, ఉమ్మేస్తాం. ఉమ్మాక మార్కులు వేస్తాం. ఏ ఊరి కాఫీ ఏ దారి పట్టాలో ఆ మార్కులే తేలుస్తాయి.

ఈ పనిలో నేను గట్టిదాన్నే. గొప్పలు పోవడం కాదు, ఉన్న మాట. మొహం చూసి మనసులో ఏముందో చెప్పమంటే నా వల్ల కాదు గానీ, గింజల్ని తడి పోకుండానే మూట కట్టేశారో లేదో ఒక్క చెంచాతో చెప్పేస్తాను. నాకు ఆటిజం ఉంది. ముప్పై దాటాక విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ చెప్పేదాకా ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. అప్పటిదాకా శృంగవరపుకోట దగ్గర మా ఊళ్ళో నాకు వేరే పేర్లుండేవి. మొండిది, పెంకిది, పెళ్ళిళ్ళకి రాని పొగరుబోతు. వాటి పక్కన పెడితే ఇది బంగారం లాంటి పేరు.

పరిశోధన సంగతి చెప్పింది ఆ డాక్టరమ్మే. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు తమ కోపాన్నీ దిగులునీ గాబరానీ ఎలా గుర్తుపడతారు, ఎలా తట్టుకుంటారు అని ఒకమ్మాయి పరిశోధన చేస్తోందట, చేరతావా అని అడిగింది. సరేనన్నాను గానీ లోపల గుర్రుగానే ఉన్నాను. మా గురించి ఫోనులో చదివిన వాటికి అప్పటికే తల వాచిపోయి ఉంది. మాకు ఎదుటివాళ్ళ బాధ పట్టదని ఒకరు రాస్తారు. మాకసలు మనసే లేదన్నట్టు ఇంకొకరు రాస్తారు. రాసినవాళ్ళలో ఒక్కరైనా నన్ను అడిగారా?

ఆ అమ్మాయి మొదటిసారి అరకు వచ్చినప్పుడు ఘాట్ రోడ్డు మలుపులు ఆమె పని పట్టాయి. బస్సు దిగి వచ్చి నేనుండే గది అరుగు మీద కూలబడి, నిమ్మచెక్క వాసన చూస్తూ, కళ్ళు మూసుకునే మాటలు మొదలుపెట్టింది. నాకది భలే నచ్చింది. కళ్ళు మూసుకున్న మనిషితో మాట్లాడడం నాకు తేలిక. ఎటు చూడాలో అన్న బెంగ ఉండదు.

"ఇదివరకటి పరిశోధనల్లో చాలావాటిలో పిల్లల గురించి వాళ్ళ అమ్మల్నో టీచర్లనో అడిగేవారండీ" అంది. "నేను మాత్రం మిమ్మల్నే అడుగుదామనుకుంటున్నాను."

"ఇన్నేళ్ళకి అడుగుతున్నారు, సంతోషం" అన్నాను. వెటకారంగానే అన్నాను. ఆ అమ్మాయి మాత్రం నిజం సంతోషమే అనుకుని థాంక్స్ చెప్పింది. నాకన్నా అమాయకురాలు దొరికిందిరా దేవుడా అనుకున్నాను.

కానీ అడిగిన తీరు బాగుంది. కోపం వచ్చినప్పుడు ఏం చేస్తారు అని మొదలుపెట్టి, నేను బిక్కమొహం వేస్తే, కోపం వచ్చిందని మీకెలా తెలుస్తుంది అని వెనక్కి వెళ్ళింది. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ముందు చెవులు వేడెక్కుతాయి, తర్వాత అరచేతులు దురద పెడతాయి, బల్ల మీద ఉన్నవన్నీ వరసగా సర్దాలనిపిస్తుంది, అది కోపమని మర్నాడెప్పుడో తెలుస్తుంది అని చెప్పాను. కాఫీ కూడా అంతే, పొగలు కక్కేటప్పుడు ఏమీ చెప్పదు, చల్లారాకే దాని గుణం బయటపడుతుంది. ఆటిజం ఉన్న చాలామందికి తమలో ఏం జరుగుతోందో వెంటనే అందదనీ, గాబరా, దిగులు ముదిరిపోవడానికి అదొక కారణం కావచ్చనీ, తను వెతుకుతున్నది సరిగ్గా అదేననీ ఆ అమ్మాయి చెప్పింది. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట. ఆ రోజు సంత నుంచి రాజ్మా కొనుక్కుని ఇంటికి నడుస్తుంటే ఒళ్ళంతా తేలిగ్గా అనిపించింది. అది సంతోషమని మర్నాటికి తేలింది.

తర్వాతి పని ఫోనుది. పగటిపూట అప్పుడప్పుడూ గంట మోగుతుంది. "ఇప్పుడు మీ మనసు ఎలా ఉంది?" అని అడుగుతుంది. సున్నా నుంచి పది దాకా ఒక అంకె నొక్కాలి, పావులూ అరలూ కూడా వెయ్యొచ్చు. నాకిది మంచినీళ్ళ ప్రాయం. పొద్దున లేస్తే నేను చేసేది అదే కదా. మొదటివారం ఏడున్నర, ఏడుంపావు, ఒకరోజు ఎనిమిది. సున్నితంగా, పావు తేడా కూడా పోకుండా వేశాను. కాఫీ పరీక్షలో చెయ్యి తిరిగినవాళ్ళు అలాగే వేస్తారు.

అప్పుడే ల్యాబులో ఆ గొడవ జరిగింది. వానల రోజులు. సరుకు కొనేవాళ్ళు ఎక్కడినుంచో గుంపుగా వచ్చారు. రుచి చూసే గదిలోకి సెంటు పూసుకుని రాకూడదని గుమ్మం మీద బోర్డే ఉంది. వాళ్ళలో ఒకాయన నిలువెల్లా పూసుకొచ్చాడు. పక్కన పొడి మిషను రొద, అందరూ ఒకేసారి మాట్లాడడం, దానికితోడు మా ల్యాబు నడిపే సారు ఫోటో బాగా వస్తుందని నేను పేర్చుకున్న గిన్నెల వరస మార్చేశారు. నా చెవులు వేడెక్కడం నాకు తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత తెలియలేదు. చెంచా విసిరేశానట, అరిచానట. బల్ల కింద చెవులు మూసుకుని కూర్చున్నది మాత్రం నాకు గుర్తుంది, సిమెంటు గచ్చు చల్లగా ఉంది.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మా సారు మెల్లగా, "కొన్నాళ్ళు రెస్టు తీసుకోమ్మా. పంట దిగే టయానికి చూద్దాం" అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. పంట దిగేలోపు నేను కుదుటపడితే సరే, లేకపోతే ఆ బల్ల దగ్గర ఇంకొకరు నిలబడతారు. ఆ బల్ల పోతే నాకు అరకులో గది లేదు, జీతం లేదు, ఊళ్ళో పాత పేర్లు తప్ప ఇంకేమీ లేదు.

అమ్మ మూటాముల్లె సర్దుకుని పాసింజరెక్కి వచ్చేసింది. పొద్దున్నే చోడంబలి, అంటే రాగిజావ, కాచి, గ్లాసు నా ముందు పెట్టేది. "బేగి తాగే, సల్లారిపోతే బాగోదు." నేను గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని. రుచి లేదు. అంబలి ఒక్కటే కాదు, ఏదీ తెలియడం లేదు. ఒకరోజు డబ్బాలోంచి నాలుగు కాఫీ గింజలు తీసి నమిలాను. చెక్కపొట్టు నమిలినట్టుంది. నా నాలుక పోయిందనుకున్నాను. నా దగ్గరున్నదే ఆ నాలుక. ఎవరికీ చెప్పలేదు. చెప్పడమనేది ఒక దారి అని నాకు తోచనే లేదు.

పడుకుంటే నిద్ర లేదు, లేస్తే పని లేదు. గిన్నెల వరస మార్చిన ఆ క్షణం తలలో అదేపనిగా తిరిగేది. కిటికీ అవతల కొండ మీద మబ్బు దిగేది, పోయేది. అది చూస్తూ కూర్చునేదాన్ని. ఫోను గంట మోగితే మాత్రం ఠంచనుగా నొక్కేదాన్ని, ఒప్పుకున్న పని కదా. ఆరు. మళ్ళీ మోగితే ఆరు. ఇంకా మోగితే ఆరు.

ముందే అనుకున్న ప్రకారం ఆ అమ్మాయి రెండోసారి వచ్చింది. ఈసారి రైల్లో వచ్చింది, తెలివి తెచ్చుకుని. నా అంకెలన్నీ ఒక గీతగా గీసిన కాగితం తీసి ముందు పెట్టింది. గీత మొదట్లో కాస్త పైనుంది, తర్వాత కొంచెం దిగి, అక్కణ్ణించి తిన్నగా పోయింది.

"ల్యాబులో జరిగింది విన్నానండీ, కంగారుపడ్డాను. కానీ మీరు నిలకడగానే ఉన్నారు. సగానికి పైనే ఉన్నారు ఎప్పుడూ" అంది. మొహం విప్పారింది.

లోపల కూర తరుగుతున్న అమ్మ కత్తిపీట దగ్గర్నుంచి లేచి వచ్చింది. "నిలకడేటి తల్లీ? ఈ గుంట కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందో అడుగు. తల దువ్వుకుని ఎన్నాళ్ళయిందో అడుగు. నాను సూత్తన్నాను కదా."

ఆ అమ్మాయి మా అమ్మని చూసింది, కాగితాన్ని చూసింది, నా తల చూసింది. నిజంగానే నా జుట్టు అట్టకట్టి ఉంది.

"ఆరు అంటే మీ లెక్కలో ఏమిటండీ?" అని అడిగింది.

"అన్నిటికన్నా కిందది."

"మరి అయిదు? రెండు? సున్నా?"

నాకు చిరాకేసింది. కొత్తగా చేరినవాళ్ళకి చెప్పినట్టు విడమరిచి చెప్పాను. మా కాఫీ పరీక్షలో మార్కులు ఆరు నుంచే మొదలవుతాయి. అంతకన్నా తక్కువ గింజ బల్ల మీదికి రాదు. ఎండబోసే కళ్ళంలోనే ఏరి అవతల పారేస్తారు. పారేసిన దానికి మార్కులెవరు వేస్తారు?

ఆ అమ్మాయి కాగితం పక్కన పెట్టేసింది. "అయితే ఇన్నాళ్ళూ మీరు నొక్కిన ఆరుకి..." అని ఆగి, "అర్థం ఏమిటండీ?" అంది.

"పారేసే సరుకని" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చి నా చెవిన పడింది. నా జన్మలో మొదటిసారి, ఒక బాధ ఆలస్యం చెయ్యకుండా ఆ క్షణంలోనే నాకు తెలిసింది. ఏడుపు తన్నుకొచ్చింది. చిన్న ఏడుపు కాదు. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకొచ్చి చూసేంత.

ఆ అమ్మాయి నన్ను ముట్టుకోలేదు. నాకు అది ఇష్టం లేదని మొదటిరోజే అడిగి తెలుసుకుంది, ఆ గాబరాలో కూడా మర్చిపోలేదు. నేను కాస్త తెరిపిన పడ్డాక ఎదురుగా కూర్చుని, ఏ డొంకతిరుగుడూ లేకుండా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగింది. జనం ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతారు గానీ అడగరు. సూటిగా అడిగితే నేను సూటిగా చెప్పగలను.

"చావాలని కాదు. పడుకుంటే మళ్ళీ తెల్లారకపోతే బాగుండునని."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అది కూడా పట్టించుకోవాల్సిన మాటేనండీ" అంది ఆ అమ్మాయి. "మిమ్మల్ని ఇలా వదిలేసి నేను వెళ్ళను." మా గదిలో మాట వినపడేంత సిగ్నలు రాదు. వానలో తడుస్తూ గేటు దాకా వెళ్ళి, ఫోను ఒకచేత్తో, గొడుగు ఒకచేత్తో పట్టుకుని డాక్టరమ్మతో మాట్లాడింది. మర్నాడు అమ్మా నేనూ ఆ అమ్మాయితోపాటే రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాం. సొరంగాలు వచ్చినప్పుడల్లా కుర్రాళ్ళు కేకలు పెడతారు, నాకు పడదు. ఆ అమ్మాయి తన చెవుల్లో పెట్టుకునేవి తీసి నాకిచ్చింది.

మందులు మొదలుపెట్టారు. వారం వారం ఫోనులో మాట్లాడే మనిషిని కూడా కుదిర్చారు. డాక్టరమ్మ నా నాలుక పోలేదంది. దిగులు బాగా ముదిరితే రుచి కూడా మొద్దుబారుతుందనీ, తిరిగి వస్తుందనీ చెప్పింది. నేను నమ్మలేదు. అయినా మందులు మింగాను. అమ్మ ఎదురుగా నిలబడి నోరు తెరిపించి చూసేది, నాకు ముప్పై దాటాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. నా అంకెల్ని మిగతావాళ్ళ అంకెలతో కలిపి లెక్కలోకి తీసుకోవడం కుదరదట. నాకు ఒళ్ళు మండింది. అన్నిసార్లు గంట మోగితే అన్నిసార్లూ నొక్కానే, ఒక్కటి తప్పలేదే! "మీవల్ల ఇంకోటి మారిందండీ" అంది. ఇప్పుడు ఎవరు చేరినా ముందు అంకెలు అడగరట. మీ బతుకులో అన్నిటికన్నా అడుగున ఉన్న రోజు ఏది, దానికి ఏ అంకె వేస్తారు అని కూర్చోబెట్టి అడుగుతారట. పైన ఉన్న రోజు గురించి కూడా అలాగే. ఆ తర్వాతే ఫోను గంట. నాలాగే ఏ చింతూరులోనో, కురుపాంలోనో ఒక మనిషి తనకి తెలిసిన లెక్కలో తన బాధని చెబుతుంటే, అవతల వినే మనిషికి ఆ లెక్క ముందే తెలిసి ఉంటుంది. నా అంకెలు ఎందులోనూ అచ్చు కాకపోతే పోయె. ఇంతకన్నా ఏం కావాలి?

రుచి మెల్లగానే తిరిగొచ్చింది. ముందు ఉప్పు, తర్వాత పులుపు. ఒక పొద్దున అమ్మ చేసిన చింతకాయ పచ్చడి నాలుక్కి తగిలి నేను కెవ్వుమన్నాను. అమ్మ కారం ఎక్కువైందేమో అని పరుగెత్తుకొచ్చింది. ఉప్పు తక్కువైందని చెప్పాను. ఆవిడ తిడుతూ నవ్వింది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

పంట దిగింది. ఊళ్ళలో కాఫీ పళ్ళు ఎర్రగా కోతకొచ్చాయి. ఒకరోజు మా సారు స్వయంగా గదికి వచ్చారు. నిలబడే, నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, "వేరే మనిషిని తెచ్చానమ్మా. ఆ మనిషి చెప్పేదానికీ కప్పులో ఉన్నదానికీ పొంతన లేదు. నువ్వు రా" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "వత్తాది. కానీ సెంట్లు పూసుకున్నోళ్ళ మధ్యన మా గుంటని నిలబెట్టకండి. ఆ మిషనేదో అవతల గదిలో పెట్టండి. గిన్నెలు అది పేర్సినాక ఎవలూ ముట్టకూడదు." సారు అన్నిటికీ తలూపారు. ఆయన ఒప్పుకున్నందుకు కృతజ్ఞత ఉంది, అది ఇప్పటికీ ఉంది. ఆయన మాట మీదే నిలబడ్డారు కూడా. బయటివాళ్ళు వచ్చే రోజుల్లో నేను వేకువనే వచ్చి, ఒక్కదాన్నే రుచి చూసి, వాళ్ళు దిగేలోపు వెళ్ళిపోతాను.

తిరిగి బల్ల దగ్గర నిలబడిన మొదటిరోజు ఒక గిన్నె చల్లారాక జుర్రితే, బెల్లమూ కమలాపండు తొక్కా కలిసినట్టు ఒక రుచి నోట్లో నిలబడిపోయింది. ఉమ్మబుద్ధి కాలేదు. మింగేశాను.

అమ్మ ఊరెళ్ళిపోయింది. పరిశోధన కూడా అయిపోయింది, ఫోను గంట మోగడం మానేసింది. ఆ అమ్మాయి పండక్కి ఒక మెసేజీ పెడుతుంది, నేను రెండు రోజులాగి జవాబిస్తాను. నా ఆలస్యం ఆమెకి తెలుసు.

మొన్న వానల్లో మళ్ళీ ఒక పొద్దున కిటికీ దగ్గర కూర్చుండిపోయాను. కారణం ఏమీ లేదు. పని బాగుంది, మందులు మానలేదు, ఎవరూ ఏమీ అనలేదు. కారణం లేకుండా వచ్చే దిగులంటేనే నాకు కోపం. అలాగే కూర్చుని ఉంటే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. చాలాసేపటికి లేచి, చెప్పులేసుకుని, సిగ్నలు అందే గేటు దాకా నడిచాను. అమ్మకి ఫోను చేశాను. ఎప్పుడూ ఆవిడ చెయ్యడమే గానీ నేను చెయ్యడం లేదు.

"అమ్మా, నాకు బాగోలేదు."

"జొరమేటే?"

"కాదు. మనసు."

అవతల కోళ్ళు అరుస్తున్నాయి. అమ్మ వాటిని అదిలించింది. తర్వాత "సరే" అని పెట్టేసింది. నాకు ఎలాగో అయిపోయింది. ఎందుకు చెప్పానా అనుకున్నాను. పొలంలో నాట్ల రోజులు, అన్నం తినడానికే తీరిక ఉండదు, అలాంటప్పుడు ఈ మాటతో ఆవిడ ఏం చేసుకుంటుంది?

మర్నాడు నేను ల్యాబు నుంచి వచ్చేసరికి గుమ్మంలో అమ్మ కూర్చుని ఉంది. పాసింజరు దిగి స్టేషను నుంచి వానలో నడిచొచ్చినట్టుంది, చీర మోకాళ్ళదాకా బురద. కాళ్ళ దగ్గర సంచి. నా నోట్లోంచి మాట తిన్నగా రాలేదు.

"నేను రమ్మనలేదు కదా" అన్నాను.

"నువ్వు సెప్తే నాను రానేటే?" అంది అమ్మ, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ. "ఇన్నేళ్ళూ నువ్వు సెప్పనేదు గానీ."